అటు తిరిగిన ముఖం

మంగళవారం పొద్దున గుడియాత్తం బస్టాండులో బస్సెక్కబోతూ కూలబడిపోయిన ఆదిమూలాన్ని రెండు గంటలు తిరక్కముందే వేలూరు ఆసుపత్రిలో చేర్చారనీ, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైకి పంపి, మెదడుకు ఎడమవైపు దారి మూసుకుని కూర్చున్న గడ్డను మధ్యాహ్నం రెండింటికల్లా బయటికి లాగేశారనీ పోయిన వారం చదివారు. ఆ గడ్డను చిన్న సీసాలో వేసి ధనమ్మకు చూపించారు కూడా. మినపగింజంత లేదు. అరవై నాలుగేళ్ళ వయసులోనూ కొబ్బరి బస్తా భుజాన వేసుకుని గట్టు దాటే మనిషిని పడగొట్టింది ఇదా అని ఆమె దాని వంక కోపంగా చూసింది. అక్కడ ఆపాం.

ఇవాళ బుధవారం, పొద్దున పది. గడ్డ పోయింది గానీ గండం ఇంకా గడప దాటలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు ఒక్క సంగతి చెప్పాలి. ఈ మొగుడూపెళ్ళాల మధ్య ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. మానేసింది ఆదిమూలమే. ఈ సంగతి వాళ్ళ పల్లెలో సగం మందికి తెలుసు, కోడలు మీనాకు తెలుసు, దొడ్లో ఆవుకైతే మరీ బాగా తెలుసు. ఎందుకంటే ఆదిమూలం పెళ్ళానికి చెప్పాల్సిందంతా ఆ ఆవుకే చెబుతాడు. "లచ్చిమీ, నీళ్ళు కాగినాయేమో కనుక్కో" అంటాడు. ఆవు కనుక్కోదు. ధనమ్మ వచ్చి నీళ్ళు తోడి పెడుతుంది. చారులో ఉప్పు ఎక్కువైతే వంటింటి గోడతో చెబుతాడు. చారు బాగున్న రోజున మాత్రం ఆ గోడతో కూడా ఏమీ చెప్పడు.

ఆసుపత్రికి ఇదేమీ తెలియదు. నిన్న కాగితాలు నింపేటప్పుడు డాక్టర్ ఆర్తి "ముందు ఆయన మాట బాగుండేదా? మీతో మామూలుగా మాట్లాడేవారా?" అని అడిగితే, ధనమ్మ కొంగు సర్దుకుని, బాగా మాట్లాడతాడని చెప్పేసింది. నలుగురు వింటుండగా మొగుడు తనతో మాట్లాడడని ఎలా చెబుతుంది? పుట్టింటివాళ్ళకే ఇంతవరకూ చెప్పలేదు.

డాక్టర్ ఆర్తికి ముప్ఫై దాటి రెండేళ్ళు ఉంటాయేమో. తెలుగు ముక్క రాదు. ధనమ్మతో తమిళంలోనే మాట్లాడుతుంది, ధనమ్మకు తమిళం మంచినీళ్ళ ప్రాయం. మనం మాత్రం ఆ మాటల్ని తెలుగులోనే విందాం.

గండం ఏమిటో ఆమె నిన్న సాయంత్రమే చెప్పింది. గడ్డ తీసిన వెంటనే తలకు తీసిన స్కానులో ఎడమవైపు లోపల ఒక తెల్ల మచ్చ ఉంది.

"గడ్డ ఎక్కడుందో కనబడడానికి రక్తంలోకి ఒక మందు ఎక్కించామమ్మా. దెబ్బతిన్న చోట అది కాస్త ఇంకుతుంది. స్కానులో తెల్లగా కనిపిస్తుంది. రక్తం కారినా ఇలాగే తెల్లగా కనిపిస్తుంది. మందైతే ఒక రోజులో వెలిసిపోతుంది. రక్తమైతే పోదు, పెరిగినా పెరగొచ్చు."

"ఇప్పుడుండేది ఏది మరి?"

"బొమ్మ ఒక్కటే చూసి చెప్పలేను. రేపు మధ్యాహ్నం మళ్ళీ తీస్తాం. అంతదాకా మనిషిని చూస్తూ ఉండాలి. మెరుగవుతూ ఉంటే భయం లేదు. దిగజారితే మాత్రం ఆగలేం."

ఈ పొద్దున ఆరింటికి, ధనమ్మ ఇంకా బయట వరండాలో ఉండగానే, ఆర్తి వచ్చి ఆదిమూలాన్ని తమిళంలో పలకరించింది. కళ్ళు మూసుకోమంటే మూసుకున్నాడు. ఎడమ చెయ్యి ఎత్తమంటే ఎత్తాడు. కుడిచేతి వేళ్ళు కొద్దిగా కదిలాయి. పేరడిగితే ఊపిరే బయటికొచ్చింది గానీ మాట రాలేదు. అయినా ఆమె సంతోషించింది. పది గంటలకు ధనమ్మను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది.

"ఇంట్లో తెలుగే కదా మాట్లాడతారు? ఇంటి భాష ముందు తిరిగొస్తుంది ఒక్కోసారి. మీరు పిలవండమ్మా, మీ గొంతుకు మాట వస్తుందేమో చూద్దాం" అంది.

పెళ్ళాం గొంతు వింటే లేచిరాని మొగుడు ఉండడని ఆ పిల్ల నమ్మకం. ఆమెకింకా పెళ్ళి కాలేదు.

ధనమ్మ మంచానికి కుడిపక్క స్టూలు దగ్గర నిలబడింది. ఎడమపక్కంతా మిషన్లు, వాటి వెనక గోడ. పిలవమంటే, అరవయ్యేళ్ళు దగ్గరపడుతున్న ఆమె మంచం కమ్మీ పట్టుకుని ముందుకు వంగింది. మొదటి రెండేళ్ళూ పిలిచి పిలిచి మానేసిన పిలుపు. ఇప్పుడు డాక్టరే పిలవమంటోంది, ఇంకెవరి అనుమతి కావాలి? అసలు ఆమెకు కావాల్సింది పిలవడం కాదు, పిలిపించుకోవడం. మోటారు కొట్టం దగ్గర నిలబడి రెండు మళ్ళ అవతలినుంచి "ధనా" అని కేకేసేవాడు. ఆ సగం పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు భూమ్మీద ఇంకెవరూ లేరు. ఎనిమిదేళ్ళుగా ఆ సగం పేరు ఎవరి నోటా లేదు. ఒక్కసారి, చచ్చేలోపల ఒక్కసారి అది వినాలని ఆమెకు ఎంత ఆశో చెప్పలేను.

"ఇదో," అంది మెల్లగా. "ఇట్ల చూడు. నేనే వచ్చుండాను."

ఆదిమూలం కళ్ళు తెరిచాడు. ఆమెను చూశాడు. తల ఎడమకు తిప్పి, కళ్ళు కూడా అటే తిప్పేసి, గోడకేసి ఉండిపోయాడు.

"మళ్ళీ పిలవండి" అంది ఆర్తి. గొంతు మారింది.

"ఇదోప్పా. డాక్టరమ్మ చెయ్యెత్తమంటా ఉండాది. ఎత్తు."

ఎత్తలేదు. పేరు చెప్పమంటే చెప్పలేదు. ఆర్తి టార్చి వేసి కళ్ళు చూసింది. నర్సు మేనకతో గబగబా ఏదో చెప్పింది. మేనక రక్తం పలచబడే మందు ఆపేసి ఫోను దగ్గరికి పరిగెత్తింది.

"ఏమైంది తల్లీ?"

"కళ్ళు ఎడమకే లాక్కుపోయాయమ్మా. మెదడులో ఎడమవైపు దెబ్బ ఎక్కువైతే ఇలాగే అటు లాక్కుపోతాయి. ఆరింటికి ఇది లేదు. అప్పుడు చెప్పింది చేశారు, ఇప్పుడు మీ గొంతుకు కూడా పలకడం లేదు. ఆ తెల్ల మచ్చ రక్తమే అయ్యుంటుంది. ఇంక మధ్యాహ్నం దాకా ఆగితే ఆలస్యమవుతుంది. పుర్రె ఎముక ఒక ముక్క తీసి లోపల ఒత్తిడి తగ్గించాలి. మీ అబ్బాయి ఎక్కడ?"

కొడుకు హేమనాథ్ నాన్న రేషన్ కార్డు, బీమా కార్డు తేవడానికి తెల్లారగానే గుడియాత్తం బయల్దేరాడు. ఫోను చేస్తే పళ్ళికొండ దగ్గర ఉన్నాడు. "అరగంటమ్మా, సీక్రం వచ్చేస్తా" అన్నాడు. అరగంట ఎక్కువంది ఆర్తి. కాగితం, పెన్ను ధనమ్మ చేతికొచ్చాయి.

ఎక్కడ సంతకం పెట్టాలో ఆర్తి వేలితో చూపించింది. ధనమ్మ చూపు కాగితం మీద లేదు, మొగుడి మెడ మీద ఉంది.

చెవి కిందనుంచి మెడ కింది ఎముక దాకా ఒక నరం తాడులా బిగుసుకుని ఉంది. దవడ కరుచుకుని ఉంది. ఆ నరం ఆమెకు తెలుసు. పొద్దున కాఫీ గ్లాసు పెట్టినప్పుడు చూస్తుంది, మాపటికి అన్నం పెట్టినప్పుడు చూస్తుంది. ఎనిమిదేళ్ళలో మొగుడి ముఖం కంటే ఆ నరాన్నే ఎక్కువ చూసింది. రోగం లాక్కుపోయిన మెడ ఇంత పంతంగా ఉంటుందా?

ఉండదేమో. ఉంటుందేమో కూడా. డాక్టరు చదువుకున్నది, తను చదువుకోలేదు. తన మాట నమ్మి ఆగితే, లోపల నిజంగా రక్తమే కారుతుంటే, చేతులారా చంపుకున్నట్టే. నోరు మూసుకుని సంతకం పెడితే, అలిగిన పాపానికి మనిషి పుర్రె కోస్తారు. ఏ మౌనం పోవాలని గుడియాత్తం గంగమ్మకు ఏటా మొక్కుకుందో, తల్లీ ఇది ఆ మౌనమే కావాలి, ఇంకేదీ కాకూడదు అని ఇప్పుడు ఆ గంగమ్మకే మొక్కుకుంది.

పెన్ను కాగితం మీద పెట్టేసి, ఫోను పెట్టి వస్తున్న మేనకను పిలిచింది. మేనకది అణైకట్ పక్క పల్లె. ఇంట్లో తెలుగే. తెలుగు చదవడం రాదు గానీ మాట్లాడితే మనూరి పిల్లే అనిపిస్తుంది. నిన్నటినుంచీ పెద్దమ్మా అని పిలుస్తోంది.

"అమ్మణ్ణీ, డాక్టరమ్మకు ఒక మాట చెప్పల్ల. తమిళంలో చెప్పేదానికి నాకు నోరు రాలేదు."

"చెప్పు పెద్దమ్మా."

"ఆయన కండ్లు లాక్కోని పోలేదు. నన్ను చూసి తిప్పుకున్నాడు."

మేనకకు అర్థం కాలేదు.

"ఎనిమిదేండ్లాయ ఆయన నాతో మాట్లాడక. నేను ఎదురుబడితే మొగం అట్లే తిప్పుకుంటాడు. నిన్న డాక్టరమ్మకు బాగా మాట్లాడతాడని చెప్పినా. అబద్ధం చెప్పినా. సిగ్గుతో చెప్పినా. ఆయమ్మ కాగితంలో రాసుకునింది."

మేనక డాక్టరుకు తమిళంలో చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమె గొంతు తగ్గిపోయింది. పక్క మంచం దగ్గరున్న మనుషులు ఇటు తిరిగి చూశారు. ధనమ్మ తల వంచుకుంది. ఎనిమిదేళ్ళు దాచుకున్న గుట్టు, నాలుగు మాటల్లో వార్డంతటికీ తెలిసిపోయింది.

ఆర్తి ఆమె వంక జాలిగా చూసింది. కోప్పడలేదు.

"అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. కానీ ఇంట్లో గొడవని నమ్మి నేను ఆపరేషను ఆపలేను. నాకు కనిపిస్తున్నది ఒక గుర్తు. ఆ గుర్తు చెడ్డది."

"గుర్తు నేనూ చూస్తా ఉండాను తల్లీ" అంది ధనమ్మ. ఈసారి తమిళం దానంతటదే వచ్చేసింది. "నేను కుడిపక్క నిలబడినా, ఎడమకు తిరిగినాడు. నన్ను ఆ పక్కకు పోనియ్యి. అక్కడ నిలబడి పిలుస్తా. రోగమైతే అట్లే ఉంటాడు. నామీది కోపమైతే ఇటు తిరుగుతాడు. తిరక్కపోతే అప్పుడే కాగితం ఇయ్యి, కండ్లు మూసుకోని సంతకం పెడతా."

ఆర్తి ఒక క్షణం ఆలోచించింది. చదువుకున్న పుస్తకాల్లో ఈ పరీక్ష లేదు. కానీ తప్పు కూడా కనిపించలేదు. "ఒక్క నిమిషం" అంది. మేనక మిషన్ల బండిని ముందుకు లాగి, గోడకూ మంచానికీ మధ్య మనిషి పట్టేంత సందు చేసింది.

ధనమ్మ మంచం చుట్టూ తిరిగి వెళ్ళి ఆ సందులో దూరింది. అప్పుడు తెలిసింది ఆమెకు, తను ఏం ఒప్పుకుని వచ్చిందో.

ఆయన ముఖం సరిగ్గా ఆమె ముందు ఉంది. జానెడు దూరం. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయింది? గడ్డం పూర్తిగా నెరిసిపోయింది. ఎడమ కనుబొమలో పొడవాటి తెల్ల వెంట్రుక ఒకటి మొలిచింది, ఎప్పుడు మొలిచిందో ఆమెకు తెలియనే తెలియదు. కుడివైపు పెదవి కొద్దిగా వాలింది. చేత్తో తుడవాలనిపించింది. తుడవలేదు.

"ఇదో" అంది.

ఆదిమూలం కళ్ళు తెరిచాడు.

చూశాడు. నేరుగా ఆమె కళ్ళలోకే చూశాడు. ఒకటి, రెండు, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు అలాగే చూశాడు. ఎనిమిదేళ్ళుగా ఏ చూపు కోసం మొహం వాచిపోయిందో ఆ చూపు. కానీ ఈ చూపు ఇలాగే నిలబడిపోతే ఆయన పుర్రె తెరవాలి. ఇంకాసేపు చూడు అని లోపల ఒక మనసు కొట్టుకుంటోంది. తిప్పుకో నాయనా, తిప్పుకో అని ఇంకో మనసు ఏడుస్తోంది. ఏ ఆడదానికీ ఇలాంటి పూట రాకూడదు.

ఆయన దవడ బిగుసుకుంది. మెడ నరం లేచింది. తల కదిలింది. నెమ్మదిగా, దిండు మీద బరువుగా దొర్లి, ఆదిమూలం ముఖం కుడికి తిరిగింది. కళ్ళు కుడి మూల దాకా పోయి ఆగాయి.

ధనమ్మ గోడకు ఆనుకుని గట్టిగా ఏడ్చేసింది.

ఆర్తి రెండు అడుగులు వెనక్కి వేసింది. మళ్ళీ దగ్గరికొచ్చి టార్చి వేసి చూసింది. "తిరిగాయి. పూర్తిగా తిరిగాయి" అంది. ఆమెకు నవ్వూ వస్తోంది, కళ్ళలో నీళ్ళూ వస్తున్నాయి. ఏది ఆపుకోవాలో తెలియలేదు. "అమ్మా, మీరు కాసేపు ఆ తెర వెనక్కి వెళ్ళండి. మేనకా, నువ్వు అడుగు."

ధనమ్మ తెర వెనక నిలబడి వింది.

"పెదనాయనా, ఎడమ చెయ్యెత్తు. ఆ, ఎత్తినావు. ఇప్పుడు కుడిది. కొంచెం లేస్తా ఉండాది, పరవాలేదు. నీ పేరేంది?"

లోతు బావిలోంచి బొక్కెన లాగినట్టు, "ఆ... ఆది" అన్నాడు.

"ఇప్పుడు ఇక్కడ నిలబడుకోనున్నింది ఎవురు?"

తెర ఇవతలికి ఆయన ఊపిరి బరువుగా వినిపించింది.

"హేమ... నాథు" అన్నాడు. "వాళ్ళమ్మ."

తెర గుడ్డను ధనమ్మ రెండు చేతులా పట్టుకుంది. పేరు చెప్పలేదు, భార్య అనలేదు. అయినా ఎనిమిదేళ్ళలో ఆయన నోటినుంచి తన ఊసు రావడం ఇదే మొదటిసారి.

ఆపరేషను కాగితం ఆర్తి మడిచి జేబులో పెట్టుకుంది. ముందు అనుకున్నట్టే రెండింటికి స్కాను తీద్దామంది. అంతదాకా పదిహేను నిమిషాలకోసారి మేనకే పలకరించాలనీ, ధనమ్మ ఆయన కంట పడొద్దనీ కూడా చెప్పింది.

హేమనాథ్ కార్డులు పట్టుకుని ఆయాసపడుతూ వచ్చేసరికి అమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. సంగతి విని అతను ఆమె పక్కనే కూలబడ్డాడు.

"నాయన కోపం ఇంత పనికొస్తుందని ఎవురనుకున్నారమ్మా" అన్నాడు.

అతని కుడికాలు ఇప్పటికీ కొద్దిగా ఎత్తి వేస్తాడు. ఆ కోపానికి మొదలు ఆ కాలే. ఆదిమూలానికి సింగడని ఒక ఎద్దుండేది. బూడిదరంగు, మొండి మూపురం, మనిషంత పొగరు. ఎద్దులు విడిచే పండగ ఎక్కడ జరిగినా ఆదిమూలం దాన్ని తోలుకుపోయేవాడు. వీధికి రెండు పక్కలా కట్టెలు కట్టి, ఒక చివర ఎద్దును విడిస్తే రెండో చివరికి ఎంత తొందరగా చేరుతుందన్నది పందెం. ఒక ఊళ్ళో, పరుగు చివర సింగణ్ణి పట్టుకోబోయిన హేమనాథ్ తొడలో అది కొమ్ము దించింది. పద్దెనిమిది కుట్లు పడ్డాయి. ఆ కుట్లు విప్పకముందే ఆదిమూలం పక్క ఊరి పందేనికి సింగడి పేరు ఇచ్చి వచ్చాడు. ధనమ్మ కాళ్ళు పట్టుకుని వద్దంది. వినలేదు. ఆయన ఊళ్ళో లేని ఒక పూట ఆమె ఎద్దును పంపించేసింది. లారీవాళ్ళకు ఇచ్చేశానని చెప్పింది. ఆ లారీలు సరిహద్దు దాటి కటికవాళ్ళ దగ్గరికి పోతాయని ఆ పక్క పసిపిల్లలకు కూడా తెలుసు.

"నోరులేని జీవాన్ని కత్తికి పంపినదానితో నాకేం మాటలు" అన్నాడు ఆదిమూలం. ఆయన ఆమెతో అన్న ఆఖరి మాట అది.

ఇక్కడ నేను ఇంతవరకూ మీకు చెప్పనిది ఒకటుంది. సింగడు లారీ ఎక్కలేదు. జవ్వాదు కొండల కింద ఆలంగాయంలో పళని అనే రైతు చేను దగ్గర దాన్ని కట్టించింది ధనమ్మ. చూసుకుంటాననీ, ఎవరికీ చెప్పననీ పళని దగ్గర మాట తీసుకుంది. ఎద్దు బతికుందని తెలిస్తే మొగుడు తోలుకొచ్చేస్తాడు, మళ్ళీ వీధిలో విడుస్తాడు, మళ్ళీ కొడుకు ముందుకు దూకుతాడు. కొడుకు కాళ్ళ కోసం మొగుడి మాటల్ని వదులుకుంది. తర్వాత హేమనాథ్‌కు పెళ్ళయింది, పందేల పిచ్చి వదిలింది. చెప్పేయాలని ఎన్నిసార్లు నోరు తెరిచిందో. ఆమె నోరు తెరిస్తే ఆయన కండువా దులుపుకుని బయటికి పోయేవాడు.

బెంచీ కింద ఆదిమూలం సంచి ఉంది. నిన్న బస్టాండులో పడిపోయినప్పుడు చేతిలో ఉన్న సంచి. ప్రతి మంగళవారం అలాంటి సంచే పట్టుకుని పొద్దున్నే పోయి, పొద్దుగూకే వేళకు వస్తాడు. యాడికి పోతాడో లచ్చిమికి కూడా చెప్పడు. నిన్నటి సంచిలో ఒక బెల్లం అచ్చు, పశువులకు పెట్టే చెనిక్కాయ చెక్క పొట్లం, కొత్త ముకుతాడు ఉన్నాయి. ఇంట్లో ఆవుకు ముకుతాడే లేదు. ధనమ్మ నిన్నే చూసింది గానీ, అప్పుడు ఆ సంగతి ఆలోచించే తెలివి ఎక్కడుంది?

మూడింటికి ఆర్తి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించింది. నిన్నటి దాంట్లో మచ్చ తెల్లగా మెరుస్తోంది. ఇవాళ్టి దాంట్లో, వానకు తడిసిన ముగ్గులా, ఉందో లేదో అన్నట్టుంది.

"మందేనమ్మా. రక్తం కాదు. పొద్దున మీ మాట వినకుండా ఉంటే..." అని ఆగి, "కోయాల్సిన పని లేకుండానే కోసేవాళ్ళం" అంది.

"ఇంక బాగుపడినట్టేనా?" అన్నాడు హేమనాథ్.

"గండం గడిచింది. కానీ ఇక్కడ కొంచెం మెదడు దెబ్బతింది. కుడిచెయ్యి ఎంత తిరిగొస్తుంది, మాట ఎంత తిరిగొస్తుంది అన్నది ఇప్పుడే చెప్పలేను. మూడు నెలల తర్వాత చూసి ఒక నంబరు వేస్తాం. సున్నా అంటే ఏ లోటూ లేనట్టు. ఒకటీ రెండూ అంటే తన పని తాను చేసుకునేట్టు. అలా పెరిగేకొద్దీ ఇంకొకరి మీద ఆధారపడాలి."

"ఆ నంబర్లలో పెండ్లాంతో మాట్లాడేదానికి ఒకటి ఉండాదా తల్లీ?" అని అడిగింది ధనమ్మ.

ఆర్తి నవ్వబోయి ఆగిపోయింది. ఆమె వేళాకోళానికి అడగలేదని తెలిసింది. "లేదమ్మా" అంది.

అయిదింటికి ఒకరిని లోపలికి పంపుతారు. హేమనాథ్ నువ్వే పో అమ్మా అన్నాడు. ఇప్పుడు ఆమెను చూసి కోపం వచ్చినా భయం లేదంది ఆర్తి, పైగా మెడకు మంచిదేనంది.

ధనమ్మ కుడిపక్క స్టూలు మీద కూర్చుంది. ఆదిమూలం ఆమెను చూశాడు, ఎడమకు తిరిగాడు. అనుకున్నదే. మంచానికి అవతల మేనక మందు ఎక్కే గొట్టం సరిచేస్తోంది.

"తిరుక్కుంటే తిరుక్కో," అంది ధనమ్మ. "ఈ పొద్దు లేచి బయటికి పోలేవు కదా. ఇను. నిన్న నువ్వు పోయుంటే నా నోట్లోది నా నోట్లోనే ఉండిపోయుండు. సింగణ్ణి నేను లారీకి ఎక్కియ్యలేదు. నీకు అబద్ధం చెప్పినా. వాడు బతికే ఉండాడు. ఆలంగాయంలో పళని చేనుకాడ ఉండాడు. కొడుకు కోసరం చెప్పకుండా దాచినా. నీకు నడక వచ్చినాక పోయి చూడు. తిట్టల్లనుకుంటే తిట్టు. తిట్టినా పరవాలేదు, నీ గొంతు ఇంటా కదా."

ధనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కొంతసేపటికి ఆయన ఎడమ చెయ్యి లేచి మేనకను పిలిచింది. మేనక వంగింది.

"ఆయమ్మకు" అన్నాడు. ఒక్కో మాటకూ ఊపిరి కూడగట్టుకుంటున్నాడు. "చెప్పు. తెలు... సని."

మేనక ఇటు చూసింది. "తెలుసంట పెద్దమ్మా."

ధనమ్మకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. బెంచీ కింద సంచి, ముకుతాడు, బెల్లం అచ్చు కళ్ళ ముందుకొచ్చాయి.

"మంగళ... వారం" అన్నాడు ఆదిమూలం గోడతోనే. "పోతా."

"ఎన్నాళ్ళుగా పోతా ఉండావు పెదనాయనా?" అని మేనకే అడిగింది.

ఆయన ఎడమచేతి వేళ్ళు అయిదూ విప్పాడు. ముడిచాడు. మళ్ళీ మూడు విప్పాడు.

అంటే మొదటి ఏడాదినుంచే తెలుసు, పళనే చెప్పాడో, తనే వెతుక్కున్నాడో. ఎద్దు బతికుందని తెలుసు, దాన్ని బతికించింది ధనమ్మేనని తెలుసు. ప్రతి మంగళవారం పోయి దానికి బెల్లం తినిపించి, మెడ నిమిరి, ఇంటికొచ్చి ఆమెను చూసి ముఖం తిప్పుకున్నాడు. తోలుకొచ్చేయలేదు. పందెంలో విడవలేదు. ఒక్క మాట అడగలేదు. ఎనిమిదేళ్ళు ఈ మౌనం తన అబద్ధానికి శిక్ష అనుకుని మోసింది. ఆ అబద్ధం ఆయన ముందు ఏనాడో చచ్చిపోయి ఉంటే, శిక్ష ఇంకా ఎందుకు సాగింది?

ఆయన పెదాలు మళ్ళీ కదిలాయి. మేనక చెవి పెట్టి విని, నెమ్మదిగా తలెత్తింది. చెప్పాలా వద్దా అన్నట్టుంది ఆమె ముఖం.

"ఎద్దుకోసరం గాదంట పెద్దమ్మా. మాట్లాడకుండా ఉన్నింది ఎద్దుకోసరం గాదని చెప్పమంటా ఉండాడు."

ధనమ్మ స్టూలు అంచు పట్టుకుంది.

"మరి దేనికోసరమో అడుగమ్మా" అంది.

మేనక అడగడానికి వంగింది. ఆ అవసరం లేకపోయింది. ఆదిమూలం తల దిండు మీద కదిలింది. ఎవరూ పిలవకుండా, ఎవరూ పక్క మార్చకుండా, గోడవైపునుంచి ఆ బరువైన ముఖం కుడికి దొర్లుకుంటూ వచ్చి, ధనమ్మ ముందు ఆగింది. మెడలో నరం లేవలేదు. వాలిన పెదవి వణికింది.

"ధనా" అన్నాడు.

ఆమె స్టూలు మంచానికి ఇంకా దగ్గరగా జరుపుకుంది.

"నువ్వు..." అన్నాడు. "ఆ పొద్దు... నువ్వు నన్ను..."

ఆ తర్వాతి మాట కోసం ఆయన నాలుక వెతుక్కుంటోంది. ధనమ్మ ముందుకు వంగి, ఆయన ఎడమ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని ఎదురుచూస్తోంది. మిగతాది వచ్చే వారం.